బరి దగ్గర సరదా, బడి దగ్గర బూతు!

పోయిన అక్టోబరులో మా బడికి ఏఎన్నెమ్ గారొచ్చారు. ఆడపిల్లలకి రక్తహీనత గురించీ మాత్రల గురించీ చెప్పి, పోతూ పోతూ నా చేతిలో ఒక కాగితం పెట్టారు. రొమ్ములో గడ్డలాంటిది ఉంటే ఆడమనిషి తనకు తానే ఎలా కనిపెట్టుకోవాలో, కనిపెట్టాక ఆలస్యం చెయ్యకుండా ఎక్కడికెళ్ళాలో చెప్పే కాగితం. అయిదు గీతల బొమ్మలున్నాయి. అద్దం ముందు నిలబడ్డ ఆడమనిషి ఒక చెయ్యెత్తి రెండో చేతి వేళ్ళతో తడిమి చూసుకుంటుంది. అంతే. మొహం కూడా సరిగ్గా గీయలేదు. "మీ టీచర్లందరికీ పంపండి మేడం, చదువుకున్నోళ్ళే చూసుకోరు" అందావిడ.

ఫొటో తీసి మా మండలం టీచర్ల ఫోను గ్రూపులో పెట్టాను. గ్రూపులో సగం మంది ఆడవాళ్ళే. పది నిమిషాల్లో బొమ్మ మాయమైంది. గ్రూపు నడిపే మాష్టారు ఫోన్ చేశారు. "మేడం, మీరు పెద్దవారు. గ్రూపులో ఆడవాళ్ళున్నారు కదండీ, ఇలాంటివి పెడితే బాగోదు." ఆడవాళ్ళున్నారనే పెట్టాను మాష్టారూ అన్నాను. "అర్థం చేసుకోండి మేడం" అని పెట్టేశారు. అర్థం చేసుకోవడం ఎప్పుడూ మన వంతే.

సంక్రాంతికి అదే గ్రూపులో ఒక వీడియో వచ్చింది. కోడిపందేల బరి పక్కన వేసిన స్టేజీ. రికార్డింగు డాన్సు. ఆ పిల్లకి ఇరవయ్యేళ్ళు ఉంటాయో ఉండవో. ఒంటిమీద ఏముందో ఏం లేదో చెప్పక్కర్లేదు. చుట్టూ మగచేతులు, చేతుల్లో అయిదొందల నోట్లు. పెట్టింది పిల్లలకి సాంఘికశాస్త్రం చెప్పే మనిషి. మూడు రోజులుంది ఆ వీడియో. కింద చప్పట్లు, నవ్వులు. ఒక్కరంటే ఒక్కరికి గ్రూపులో ఆడవాళ్ళున్నారన్న సంగతి గుర్తు రాలేదు. నాలుగోరోజు నేనే అడిగితే "పండగ సరదా అండీ, మన గోదారోళ్ళ సంస్కృతి" అని సమాధానం.

బరి దగ్గరైతే సరదా. బడి దగ్గరైతే బూతు. ఒకే గ్రూపు, అవే కళ్ళు, అదే ఆడ ఒళ్ళు. తేడా ఎక్కడుందో మీరు చెప్పండి.

నా మటుక్కు నాకు ఇది గ్రూపులో తగువు కాదు. మా పిన్ని ఈ గడ్డతోనే చచ్చిపోయింది. యాభై రెండేళ్ళ మనిషి. పుట్టినప్పట్నుంచీ డెల్టా చేలల్లో ఊడ్పులూ కోతలూ చేసిన మనిషి. చంక కింద గట్టిగా ఏదో తగుల్తోందని తెలిసి పదకొండు నెలలు ఎవరికీ చెప్పలేదు. కూతురికి చెప్పలేదు, నాకు చెప్పలేదు. పుండై వాసనొస్తే కోడలు కనిపెట్టింది. పెద్దాసుపత్రికి తీసుకుపోతే డాక్టరు గారు మామీద అరిచారు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు, చదువుకున్నదానివి నీకైనా తెలియదా అని. పిన్నిని అడిగాను, ఎందుకు చెప్పలేదే అని. "మగ డాక్టరుకి ఎలా విప్పి చూపిస్తానే" అంది. అయిదు నెలలు బతికింది.

అందుకే ఊరుకోబుద్ధి కాలేదు. ఆ బొమ్మని ఒక పెద్ద సోషల్ మీడియాలో నా సొంత ఖాతాలో పెట్టాను. తెల్లారేసరికి తీసేశారు. నీ పోస్టు నగ్నత గురించిన మా నియమాలకు విరుద్ధం అని నోటీసు. మళ్ళీ చూడండి, ఇది ఆరోగ్యానికి సంబంధించిన బొమ్మ అని అర్జీ పెట్టుకున్నాను. జవాబు లేదు. ఎక్కడి కంపెనీ, ఎక్కడి మా మండలం? ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఇద్దరూ ఒక్క నోటితో మాట్లాడారు. ఎవరు నేర్పారు వీళ్ళకి ఈ పాఠం?

నా ఒక్కదాని గొడవే అనుకోకండి. 2020 అక్టోబరులో బ్రెజిల్ దేశంలో ఒకామె రొమ్ము క్యాన్సర్ లక్షణాలు చూపించే ఫొటోలు ఇన్‌స్టాగ్రాములో పెడితే యంత్రమే పసిగట్టి తీసేసింది. ఆరోగ్యం కోసమైతే పెట్టుకోవచ్చని వాళ్ళ నియమాల్లోనే రాసి ఉంది. యంత్రానికి అది చదవడం రాదు, చనుమొన కనబడితే కొయ్యడం ఒక్కటే వచ్చు. ఆ కంపెనీ తనమీద తీర్పులు చెప్పడానికి పెట్టుకున్న పర్యవేక్షక బోర్డే 2021 జనవరిలో అది తప్పని చెప్పింది. 2023 జనవరిలో అదే బోర్డు ఇంకో కేసులో ఇంకో మాట కూడా చెప్పింది. ఆడ ఒళ్ళు, మగ ఒళ్ళు అని రెండుగా విడదీసి నడిపే ఈ నియమమే గందరగోళంగా ఉంది, మార్చండి అని. మగాడి రొమ్ముకి అడ్డు లేదు, ఆడదాని రొమ్ముకి అడ్డు. అదీ ఆ నియమం.

అందులో కూడా అందరు ఆడవాళ్ళూ ఒకటి కాదు. 2020లో లండన్లో న్యోమి నికోలస్ విలియమ్స్ అనే నల్లజాతి మోడల్, లావుగా ఉండే మనిషి, చేతులతో గుండెలు కప్పుకుని కళ్ళు మూసుకున్న ఫొటో పెడితే ఇన్‌స్టాగ్రాము పదేపదే తీసేసింది. అంతకంటే ఎక్కువ ఒళ్ళు కనబడే సన్నటి తెల్లపిల్లల ఫొటోలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆవిడా, ఆ ఫొటో తీసినావిడా ఊరుకోకుండా గొడవ చేస్తే ఆ అక్టోబరులో నియమం మార్చుకున్నారు. అక్కడ రంగు, ఇక్కడ కులం. మనకి ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

కంపెనీలు నిన్నగాక మొన్న వచ్చాయి. ఈ కత్తెర మాత్రం మన ఇంట్లోది. మన రాజమండ్రిలోనే సాన పట్టారు దీన్ని.

వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు. వెలివేస్తామన్నా బెదరలేదు. అది చిన్న పని అని నేననను. మన పేటల్లో విధవరాళ్ళకి మారుమనువులు తరతరాలుగా ఉన్నాయి, దానికి మనకెవరూ దండలు వెయ్యలేదు, అది వేరే సంగతి. ఇదే పంతులు గారు 'ఆంధ్ర కవుల చరిత్రము' రాస్తూ ముద్దుపళని దగ్గరికొచ్చారు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ఉన్న కవయిత్రి. 'రాధికా సాంత్వనము' రాసింది. అందులో కోరిక రాధది. అడిగేదీ అలిగేదీ రాధే, బుజ్జగించేది కృష్ణుడు. పంతులు గారికి అది మింగుడు పడలేదు. ఆమె వేశ్య అని ముందు ఒక ముద్ర వేశారు. ఆమె పుస్తకంలో చాలా భాగాలు ఆడవాళ్ళు వినదగ్గవే కావు, ఇక వాళ్ళ నోట రావడమా అన్న అర్థంలో తీర్పు చెప్పారు.

ఆ తీర్పు చూసి బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఊరుకోలేదు. దేవదాసి కుటుంబంలో పుట్టిన పాటకత్తె, పండితురాలు. 1887లో అచ్చయిన ప్రతిలో పద్యాలు కోసేశారని గమనించి, పూర్తి ప్రతి వెతికి పట్టుకుని, పరిష్కరించి, 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించారు. పీఠికలో పంతులు గారిని నిలదీశారు. సిగ్గూ మర్యాదా ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని అడిగారు. ఇంతకంటే పచ్చిగా ఉన్న 'వైజయంతీవిలాసము'ని తమరే దిద్ది అచ్చుకి ఒప్పుకున్నారు కదా, పాఠ్యపుస్తకం కావడానికి సరేనన్నారు కదా అని వేలెత్తి చూపించారు. ఒక దేవదాసి, 1910లో, అంత పెద్ద మనిషిని! మన టీచర్ల గ్రూపులో నేను అడిగిన ప్రశ్న నూట పదేళ్ళ కిందటిది. అప్పుడూ జవాబు లేదు.

ఏం జరిగింది? 1911లో పోలీసులొచ్చి ప్రతులు పట్టుకుపోయారు. పుస్తకాన్ని నిషేధించారు. వావిళ్ళ వారి మరికొన్ని పుస్తకాలకీ ఆ దెబ్బ తగిలింది, నిజమే, వాటిలో మగకవులవీ ఉన్నాయి. కానీ మగకవిని తిట్టేవాళ్ళు పద్యాన్ని తిడతారు. ఆడకవి దగ్గరికొచ్చేసరికి ఆమె పుట్టుక ముందుకొస్తుంది. ఆ నిషేధం తీసెయ్యడానికి మద్రాసులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం రావాల్సొచ్చింది, 1947 దాకా పట్టింది. ఆ ప్రకాశం పంతులు ఒకప్పుడు రాజమండ్రి మునిసిపల్ చైర్మన్. కోసినదీ ఈ ఊరి మనిషే, కుట్టినదీ ఈ ఊరితో సంబంధమున్న మనిషే. మధ్యలో ముప్పై ఆరేళ్ళు ఒక ఆడదాని మాట చీకట్లో ఉంది.

ఇంకో ముచ్చట కూడా మన డెల్టాదే. పెద్దాపురం, మండపేట, మురమండ, తాటిపాక, బల్లిపాడు, ఈ ఊళ్ళన్నీ కళావంతుల ఆటకీ పాటకీ పేరుపడ్డవి. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అంకితాలను నిషేధిస్తూ చట్టం చేసింది. దేవుడి పేరు చెప్పి ఆడపిల్లని ఊరికి అప్పగించే ఆచారాన్ని నేను ఒక్క నిమిషం కూడా సమర్థించను. జోగినులుగా మారిన మన మాల మాదిగ పిల్లల సంగతి తెలిసినవాళ్ళెవరూ సమర్థించరు. 1988లో మళ్ళీ ఇంకో చట్టం చెయ్యాల్సొచ్చిందంటే 1947 చట్టం మన పిల్లలకి ఎంత అందిందో తెలుస్తూనే ఉంది. నేనడిగేది వేరే. ఆచారం పోవాలి, మరి ఆట ఎందుకు పోవాలి? ఆ స్త్రీలు ఆడితే అశ్లీలం. అదే భామాకలాపం కూచిపూడి బ్రాహ్మణ పురుషులు జడ వేసుకుని, పైట వేసుకుని, నడుము తిప్పి ఆడితే శాస్త్రీయ కళ. సత్యభామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన విద్యని నేను తక్కువ చెయ్యను. ఆడదాని వేషం వేసిన మగాడికి పద్మశ్రీ, అదే ఆట తెలిసిన ఆడదానికి పోలీసు భయం. ఆ కత్తెర ఒంటిని చూసి కొయ్యలేదు, ఆ ఒళ్ళు ఎవరిదో చూసి కోసింది.

ఇక మన ఆడవాళ్ళ సంగతికొస్తాను. మా మామ్మకి రైక అంటే పెళ్ళిళ్ళకే. ఊడ్పులప్పుడు చీర మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, కొంగు నడుముకి బిగించి, వంగుని బారులు తీరి నాట్లేసేవారు. గట్టు మీద గొడుగేసుకుని ఆసామి నిలబడేవాడు. పని చూస్తున్నాడా, ఒళ్ళు చూస్తున్నాడా? మామ్మ చెప్పేది, "వాడి చూపు వీపుకి జలగలా అంటుకునేదే" అని. అప్పుడు అది అశ్లీలమని ఏ పెద్దమనిషీ అనలేదు. అదే మామ్మ తన పెద్దకూతుర్ని, అంటే మా పెద్దమేనత్తని, అంచున్న చీర కట్టి మోచేతి దాకా రైక తొడిగి పొలానికి పంపితే మాత్రం, "ఏవిటే, మా ఇంటి ఆడవాళ్ళనుకుంటున్నావా" అన్నాడట.

ఒళ్ళు కనబడితే తప్పు కాలేదు, కప్పుకుంటే తప్పయింది.

దక్షిణ తిరువాన్కూరులో నాడారు స్త్రీలు ఇదే కప్పుకునే హక్కు కోసం 1813 నుంచి 1859 దాకా కొట్లాడారు. కప్పుకున్న బట్టని బజార్లో లాగి చింపారు. 1859లో మహారాజు కప్పుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చాడు, ఆ ఇవ్వడంలో కూడా పైకులాల ఆడవాళ్ళ మాదిరిగా కప్పుకోకూడదని మెలిక పెట్టాడు. ఈ పాఠం ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో ఉండేది. 2016 చివర్లో సీబీఎస్‌ఈ ఆ భాగం నుంచి పరీక్షలో ప్రశ్నలు రావని సర్క్యులర్ ఇచ్చింది. 2019లో బట్టల చరిత్ర మీది ఆ అధ్యాయం మొత్తాన్నే పుస్తకంలోంచి పీకేశారు, పిల్లలకి భారం తగ్గించడానికట. టీచరుగా చెబుతున్నాను, మా పిల్లలకి అన్నిటికంటే తేలిగ్గా అర్థమయ్యే పాఠం అది. వాళ్ళ అమ్మమ్మల పాఠం. అది ఎవరికి భారమైందో ఊహించుకోండి.

1927 డిసెంబరులో మహద్‌లో బాబాసాహెబ్ ఆడవాళ్ళతో విడిగా మాట్లాడారు. అంటరానివాళ్ళని చూడగానే పట్టించే ఆ చీరకట్టు మానండి, పాదాల దాకా చీర కట్టండి అని చెప్పారు. మర్నాడే వాళ్ళు కట్టు మార్చారు. మన పేటల్లో కొందరు కుర్రాళ్ళు దీన్ని ఆడపిల్లల బట్టల మీద పెత్తనానికి వాడుకుంటున్నారు, చూశారా బాబాసాహెబ్ కప్పుకోమన్నాడు అని. ఆ ఆడవాళ్ళు ఒంటిని దాచుకోవడానికి కాదు చీర దించింది. వీళ్ళ ఒళ్ళు ఇంతవరకే కప్పాలి అని వేరేవాళ్ళు గీసిన గీతని తుడిచారు. ఈ తేడా తెలియకపోతే బాబాసాహెబ్ బొమ్మకి ఎన్ని దండలేసినా దండగే.

జయప్రభ గారు 'పైటను తగలెయ్యాలి' అని రాస్తే, 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వస్తే, సాహిత్యంలో పెద్దలనుకున్నవాళ్ళు బూతు బూతు అని గుండెలు బాదుకున్నారు. ఆ పెద్దల్లో ప్రబంధాలు చప్పరించనివాళ్ళు ఎంతమంది? మన జూపాక సుభద్ర గారు 'కొంగు' కవితలో ఇంకో సంగతి చెప్పారు. పని చేసుకు బతికే ఆడదానికి కొంగు గుండె మీద కాపలా కాదు, పనిలో తోడు అని. మా మామ్మ కొంగు చెమట తుడిచేది, కూలిగింజలు మూటగట్టేది, గట్టు మీద చెట్టుకి ఉయ్యాలయ్యేది. ఇద్దరి మాటలూ ఎదురెదురని కొందరంటారు. నాకలా అనిపించదు. ఒకామె మీద కప్పమని ఒత్తిడి, ఇంకొకామె మీద కప్పుకోకూడదని ఒత్తిడి. చెప్పేవాడు మాత్రం ఒక్కడే. కాకపోతే ఒక్క మాట పైకులాల అక్కచెల్లెళ్ళు వినాలి: తగలెయ్యడానికి ముందు పైట ఉండాలి.

ఈ లెక్కంతా నడిబజార్లో బయటపడేది మన ఆడవాళ్ళ బట్టలు లాగినప్పుడు. 1989 అట్రాసిటీ చట్టంలో అదొక నేరంగా విడిగా పేర్కొని రాయాల్సొచ్చింది. ఎస్సీ ఎస్టీల ఒంటిమీద బట్టలు బలవంతంగా తీసినా, నగ్నంగా ఊరేగించినా అని. ఏ దేశంలోనైనా చట్టం రాసేవాళ్ళకి ఇలాంటి వాక్యం ఊరికే తడుతుందా? జరుగుతుంటేనే తడుతుంది. 2017 డిసెంబరులో విశాఖ జిల్లా పెందుర్తి మండలం జెర్రిపోతులపాలెంలో, దళితుల సాగులో ఉన్న భూమిని తవ్వుతుంటే అడ్డుపడిన మన ఆడమనిషిని కొట్టి బట్టలు లాగారు. ఆ వీడియో ఫోన్లలో తిరిగింది. ఎవరి మొహం దాచారు, ఎవరి మొహం చూపించారు? 2023 మే 4న మణిపూర్లో కుకీ స్త్రీలని నగ్నంగా ఊరేగించారు. ఫిర్యాదు రాసుకున్నారు, అరెస్టుల్లేవు. రెండున్నర నెలల తర్వాత, జూలై 19న, వీడియో బయటికొచ్చాకే దేశానికి కోపమొచ్చింది, అప్పుడే అరెస్టులు మొదలయ్యాయి. ప్రభుత్వం చేసిన మొదటి పనుల్లో ఒకటి ఆ వీడియో తీసెయ్యమని ట్విట్టరుకీ మిగతా కంపెనీలకీ చెప్పడం. తియ్యాల్సిందే, ఆ తల్లుల మానం తిరణాల బొమ్మ కాదు. కానీ అన్ని రోజులు కదలని చెయ్యి బొమ్మ తీసెయ్యడానికి ఎంత చురుగ్గా కదిలిందో చూడండి.

ఇంకొకరు లాగితే తిరిగే వీడియో, ఆడది తనంతట తాను విప్పి నిరసన చేస్తే ఏమవుతుంది? 2018 ఏప్రిల్ 7న హైదరాబాదులో ఫిల్మ్ ఛాంబర్ ముందు శ్రీరెడ్డి పైబట్టలు తీసి కూర్చుంది. పరిశ్రమలో వేషాల కోసం ఆడపిల్లల్ని వాడుకుంటున్నారు, దిక్కెవరు అని అడిగింది. అప్పుడు సినిమావాళ్ళ సంఘానికి సిగ్గేసింది. ఆమెతో మా సభ్యులెవరూ నటించరని వెలేశారు. కొద్దిరోజులకి గొడవ పెద్దదయ్యాక ఆ వెలి వెనక్కి తీసుకున్నారు. ఐటెం పాటల్లో కెమెరాని బొడ్డుకి ఆనించి తీసే పరిశ్రమ అది! ఆమె మాటలన్నీ నాకు నచ్చవు. కానీ ఆ రోజు ఆమె ఒళ్ళు చూపించి అడిగిన ప్రశ్నకి జవాబెక్కడ? తెలంగాణ ప్రభుత్వం వేసిన కమిటీ సబ్‌కమిటీ నివేదిక ఇచ్చినా బయటపెట్టలేదు. దాన్ని బయటపెట్టండని 2024 ఆగస్టులో సమంత అడగాల్సొచ్చింది. టీవీలవాళ్ళు శ్రీరెడ్డి గుండెల మీద నలుపు పూశారు, ప్రభుత్వం నివేదిక మీద పూసింది.

మనువాదుల మీద రాస్తే మన పత్రికలో చప్పట్లే. ఇప్పుడు రాసేది మన అన్నదమ్ములకి నచ్చదు, అయినా రాస్తున్నాను.

ఆ రికార్డింగు డాన్సు పిల్ల ఎవరి పిల్ల? కమ్మవారి పిల్లా, రాజుల పిల్లా, బాపనపిల్లా? అన్నం లేనింటి పిల్ల. పందేల మీద కోర్టు ఉత్తర్వులుంటాయి, పోలీసు బోర్డులుంటాయి, బరులు నడుస్తూనే ఉంటాయి. పట్టుకున్నప్పుడు పేపర్లో నేను చూసిన ఫొటోల్లో మొహాలకి చున్నీలు అడ్డం పెట్టుకున్నవాళ్ళు ఆ ఆడపిల్లలే. స్టేజీ వేయించినవాడి ఫొటో నాకు ఇంతవరకు కనబళ్ళేదు. ఈ మాట అంటే మన కుర్రాళ్ళు అవునక్కా అంటారు. మరి ఆ వీడియో మన సంఘం కుర్రాళ్ళ గ్రూపుల్లోకి ఎలా వచ్చింది? నీలం జెండా బొమ్మ పెట్టుకున్న ఫోన్లోంచే నాకు అది రెండోసారి వచ్చింది. పంపినవాడు నన్ను అక్కా అని పిలుస్తాడు. పొరపాటున వచ్చేసిందక్కా అన్నాడు. పొరపాటు నాకు పంపడంలోనే అతనికి కనబడింది.

మన ఆడపిల్లలు సంఘం గురించి, కులం గురించి సోషల్ మీడియాలో నాలుగు మాటలు రాస్తే ఏమవుతోందో మనకి తెలుసు. కులం పేరుతో ఒక తిట్టు, ఒళ్ళు పేరుతో ఇంకో తిట్టు. 2019 ఎన్నికల రోజుల్లో 95 మంది మహిళా రాజకీయ నాయకులకి వచ్చిన ట్వీట్లని ఆమ్నెస్టీ వాళ్ళు లెక్కకట్టారు. ఏడింట ఒకటి ఇబ్బందికరంగానో తిట్టుగానో ఉంది. కులం మీద వచ్చిన తిట్లు అణగారిన కులాల స్త్రీలకి మిగతావాళ్ళకంటే 59 శాతం ఎక్కువ. గీతల బొమ్మని రాత్రికి రాత్రే పసిగట్టే యంత్రానికి ఈ తిట్లు కనబడవా? తెలుగులో తిడితే దానికి అర్థం కాదంటారు. మరి తెలుగులో ప్రకటనలు అమ్ముకోవడం ఎలా అర్థమైంది?

పోనీ ఇవన్నీ బయటవాళ్ళవి. మన పిల్ల ఒకతి, నా దగ్గర చదువుకున్న పిల్లే, నెలసరి గురించి, హాస్టల్లో బాత్రూములకి తలుపుల్లేకపోవడం గురించి తన ఖాతాలో రాసింది. మొదట ఫోన్ చేసి తీసెయ్యమన్నది మన సంఘం పెద్దలే. "మన పిల్లలు మర్యాదగా ఉన్నారని పదిమందీ అనుకోవాలమ్మా" అన్నారట. వీరేశలింగం గారి కంటే మనమేం ముందుకొచ్చినట్టు? 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాసిన కుసుమ ధర్మన్న గారు తిరిగిన రాజమండ్రి ఇది. ఆ నల్లదొరలు మన పేటలోనే కుర్చీ వేసుకున్నారని ఆయనకి ఎవరు చెబుతారు? ఆ పిల్ల పోస్టు తీసేసింది. హాస్టలు తలుపులు నేను చూసినప్పటికీ లేవు.

ఒళ్ళు చూపించండి అని నేను ఎవరికీ చెప్పడం లేదు. దాచుకోండి అనీ చెప్పడం లేదు. ఆ మాట చెప్పే అధికారం నాకు లేదు, మండలం మాష్టారికి లేదు, సంఘం పెద్దకి లేదు, ఆ కంపెనీకి లేదు. 2023 జూన్‌లో కేరళ హైకోర్టు రెహానా ఫాతిమా కేసులో, మగవాడి పైభాగం నగ్నంగా ఉంటే ఎవరూ అశ్లీలమనరు, స్త్రీదైతే దాన్ని కోరికతో ముడిపెట్టే చూస్తారు, నగ్నత వేరు అశ్లీలం వేరు అని చెప్పింది. కోర్టు చెప్పిన ఆ మాట మా మామ్మకి గట్టు మీద గొడుగుని చూసినప్పుడే తెలుసు.

చివరిగా ఒక పని ఉంది. ఏఎన్నెమ్ గారిచ్చిన ఆ కాగితం ఈ వ్యాసంతో పాటు సంపాదకుడికి పంపుతున్నాను. అయిదు బొమ్మలూ ఒక్కటి కూడా కొయ్యకుండా, నలుపు పూయకుండా, ఈ సంచిక వెనక అట్ట మీద వెయ్యమని అడుగుతున్నాను. వేస్తే అట్ట చింపి మీ పేటలో ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకునే కుళాయి దగ్గర గోడకి అంటించండి. మెతుకులతో అంటించినా సరే. గడ్డ తగిలిందన్న వాళ్ళని మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మగ డాక్టరైనా సరే, పక్కన మీరు నిలబడండి. ఒకవేళ వెనక అట్ట మీద ఆ బొమ్మలు లేకపోతే, ఎందుకు వెయ్యలేదో వచ్చే సంచికలో రాయమని సంపాదకుడికి ఉత్తరం రాయండి. నేను ఎలాగూ రాస్తాను.